మా టీవీలు బాగానే ఉన్నాయి, మీరు పంపే బొమ్మే బాగాలేదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మీ యాప్‌లో వచ్చే 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సిరీస్ 8వ సీజన్, 3వ ఎపిసోడ్‌లో బొమ్మ సరిగ్గా కనిపించకపోవడం, దానికి మీ కస్టమర్ కేర్ ఇస్తున్న జవాబు.

అయ్యా,

నేను పర్లాకిమిడి బజారులో టీవీలు అమ్ముతాను, రిపేర్లు చేస్తాను. నెట్‌లో సినిమాలు, సిరీస్‌లు చూపించే మీ యాప్‌కు ఏడాది చందా కట్టి చూస్తున్నవాణ్ణి కూడా. ఏటికి అవతల పాతపట్నం నుంచి, ఇవతల కాశీనగర్, గుణుపురం నుంచి కూడా తెలుగువాళ్లు టీవీ పాడైతే నా దగ్గరికి తెస్తుంటారు. కాబట్టి ఇది నా ఒక్కడి ఇంటి గొడవ అనుకోవద్దు.

సంగతి ఇదీ. 'ద లాంగ్ నైట్' అనే ఆ యుద్ధం ఎపిసోడ్ మీ యాప్‌లో పెడితే చాలాసేపు తెరమీద ఏం జరుగుతోందో తెలియదు. నల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగు గళ్లు కదులుతుంటాయి. ఎవరు ఎవరిని పొడిచారో, పడిపోయింది మనవాడో శత్రువో పోల్చుకోలేం. దీని గురించి మీ కస్టమర్ కేర్‌కు ఎవరు ఫోన్ చేసినా ఒకటే జవాబు వస్తోంది: టీవీ సెట్టింగులు మార్చుకోండి, అప్పటికీ రాకపోతే టీవీ మెకానిక్‌కు చూపించండి. ఆ మెకానిక్‌ని నేనే. నేను చూశాను. టీవీల్లో లోపం లేదు. మీ దగ్గర్నుంచి వచ్చే వీడియోలో ఉంది.

ఈ ఎండాకాలం సెలవుల్లో ఒక రిటైర్డ్ మాస్టారు తన 43 అంగుళాల టీవీని దుప్పట్లో చుట్టి, ఆటోలో పెట్టించుకుని షాపుకు తెచ్చారు. మనవలు వచ్చి ఆ సిరీస్ మొదటి నుంచి చూస్తుంటే ఆయనా పక్కన కూర్చుని కథలో పడ్డారట. తీరా అందరూ ఎదురుచూసిన యుద్ధం వచ్చేసరికి తెర మసకబారిపోయింది. మీవాళ్లు టీవీ చూపించుకోమన్నారని చెప్పారు. ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ చీకటిగా ఉందంటే మేం ముందుగా అనుమానించేది తెరకు వెనక నుంచి వెలుగిచ్చే బ్యాక్‌లైట్‌నే. టీవీ విప్పి, ప్యానెల్‌ను రబ్బరు కప్పులతో పట్టి పైకెత్తి, దాని కింద ఉండే ఎల్‌ఈడీ పట్టీలను ఒక్కొక్కటిగా టెస్టర్ పెట్టి చూడాలి. ఎత్తేటప్పుడు ఒక మూల కాస్త వంగినా ప్యానెల్ పగులుతుంది, ఇక ఆ టీవీ మీద ఆశ వదులుకోవాల్సిందే. అంత జాగ్రత్తగా విప్పి చూస్తే పట్టీలన్నీ చక్కగా వెలుగుతున్నాయి. మళ్లీ బిగించి ఒక క్రికెట్ మ్యాచ్ పెట్టాను. పిచ్ మీద పగుళ్లు కూడా కనిపిస్తున్నాయి. మరి రాత్రి ఏమైంది నాయనా అని మాస్టారు అడిగారు. ఆయన దగ్గర మజూరీ తీసుకోబుద్ధి కాలేదు. కానీ రానూపోనూ ఆటో ఖర్చు, ఆ వయసులో పడిన టెన్షన్ ఎవరు తీరుస్తారు? ఆయన తర్వాత ఇదే కారణంతో ఇంకొందరు వచ్చారు. నాసిరకం టీవీ అంటగట్టావని నా మొహం మీదే అన్నవాళ్లూ ఉన్నారు. మీవాళ్లు అనే ఒక్క మాటకు ఇక్కడ నా షాపు పేరు పోతోంది.

ఎపిసోడ్ చీకటిగా తీశారని నాకు పేచీ లేదు. కథలో అది రాత్రి యుద్ధం. వింటర్‌ఫెల్ కోట దగ్గర బతికున్నవాళ్లంతా ఒకవైపు, చచ్చి లేచిన సైన్యం ఇంకోవైపు. దర్శకుడు మిగెల్ సపోచ్నిక్, కెమెరామన్ ఫేబియన్ వాగ్నర్ ఉత్తర ఐర్లాండ్ చలిలో 55 రాత్రుల పాటు ఆ యుద్ధాన్ని తీశారు. ఎపిసోడ్ నిడివి 82 నిమిషాలు. కోట గోడ మీద నిలబడ్డవాడికి ఎంత కనిపిస్తుందో చూసేవాడికీ అంతే కనిపించాలన్నట్టు తీశారు. మా మేనకోడలైతే ఆ చీకటి వల్లే భయమేసిందని, అలా తీయడమే సరైందని వాదిస్తుంది. నేనూ ఆమెతో ఏకీభవిస్తాను.

2019 ఏప్రిల్ 28 రాత్రి అమెరికాలో, మనకు 29 పొద్దున్నే, ఆ ఎపిసోడ్ వచ్చింది. ఆ ఒక్క రాత్రే అక్కడ 1 కోటి 78 లక్షల మంది చూశారని లెక్కలు వచ్చాయి. ఏమీ కనిపించలేదని ప్రపంచమంతా గోల పెట్టింది. చీకటి ఎక్కువేమీ కాలేదు, చాలామందికి టీవీ సరిగ్గా సెట్ చేసుకోవడం రాదు అని వాగ్నర్ అన్నారు. అయితే ఆయనే, ప్రసారానికి వీడియోను కుదించిన తీరు వల్ల కూడా బొమ్మ దెబ్బతిందని చెప్పారు. మీ కస్టమర్ కేర్ మొదటి మాటను పట్టుకుని రెండో మాటను వదిలేసింది.

సెట్టింగుల విషయం నాకు కొత్త కాదు. షాపులో ట్యూబ్‌లైట్ల కింద మెరవాలని కంపెనీలు టీవీని రంగులు, వెలుగు ఎక్కువ చేసి చూపే వివిడ్ మోడ్‌లో పెట్టి పంపుతాయి. ఇంటికి తీసుకెళ్లాక దాన్ని మూవీ మోడ్‌కు మార్చాలి. కరెంటు ఆదా చేసే ఎకో మోడ్ తీసెయ్యాలి, లేకపోతే గది చీకటయ్యే కొద్దీ తెర కూడా మసకబారుతుంది. కదలికను నునుపు చేసే ఆప్షన్ ఆపాలి. కిటికీ వెలుగు తెరమీద పడకూడదు. టీవీ బిగించేటప్పుడు ఇవన్నీ మేమే చేసి వస్తాం. మాస్టారి టీవీలోనూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పోనీ అని బ్రైట్‌నెస్ పెంచి చూశాను. నలుపు తెల్లబడింది, గళ్లు ఇంకా బాగా కనిపించాయి, మనుషులు మాత్రం కనిపించలేదు. వీడియోలో లేని వివరాన్ని ఏ టీవీ అయినా ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తుంది?

అక్కడితో ఆగకుండా పరీక్ష చేశాను. మా మేనల్లుడు అమెరికా నుంచి వచ్చినప్పుడు తన బ్లూరే ప్లేయరు, ఆ సీజన్ డిస్కులు తెచ్చాడు. 4కే డిస్కు కాదు, మామూలు హెచ్‌డీ బ్లూరే. ఒకే టీవీ, ఒకే పిక్చర్ మోడ్, షట్టరు దించిన షాపు. ఒక హెచ్‌డీఎంఐలో డిస్కు, ఇంకోదాంట్లో మీ యాప్ ఉన్న స్టిక్. అదే సీను మార్చి మార్చి వేశాం.

బతికున్నవాళ్ల వైపు డోత్రాకీ తెగ రౌతులు ముందు నిలబడతారు. మంత్రగత్తె మెలిసాండ్రా వచ్చి మంత్రం చదవగానే వాళ్ల వంకీకత్తులన్నీ భగ్గున మండుతాయి. కేకలు వేస్తూ చీకట్లోకి దూసుకుపోతారు. కోట దగ్గరున్నవాళ్లు చూస్తుండగానే దూరంగా ఆ మంటలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఆ సీను గొప్పతనమంతా ఆ చిన్న చిన్న వెలుగుల్లోనే ఉంది. డిస్కులో ప్రతి మంటా విడిగా కనిపిస్తుంది. చుక్క అయ్యేదాకా తెలుస్తుంది, మధ్యలో ఉన్న నలుపు నున్నగా ఉంటుంది. మీ యాప్‌లో ఆ వెలుగులన్నీ కలిసిపోయి ముద్ద అయ్యాయి. మంట ఆరిన చోట నలుచదరపు మచ్చ ఒకటి కాసేపు అలాగే నిలబడి తర్వాత పోతోంది. ఎన్ని ఆరాయో, ఎన్ని మిగిలాయో తెలియనప్పుడు అక్కడ భయపడటానికి ఏముంటుంది? ఇంకాసేపటికి డ్రాగన్లు మబ్బులు దాటి వెన్నెల్లోకి వస్తాయి. డిస్కులో కళ్లార్పబుద్ధి కాదు. మీ దాంట్లో చందమామ చుట్టూ ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోయింది.

కారణం మీ ఇంజనీర్లకు నేను చెప్పాల్సిన పని లేదు కానీ, ఫోన్ ఎత్తేవాళ్లకు తెలియాలి. సాధారణ హెచ్‌డీ వీడియోలో ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే నలుపు నుంచి పూర్తి వెలుగు దాకా 256 స్థాయిలు. చీకటి భాగానికి అందులో వచ్చేవి కొన్నే. బ్లూరేదీ 8 బిట్లే, అదే రిజల్యూషనే. తేడా అంతా బిట్‌రేట్‌లో, అంటే సెకనుకు ఎంత డేటా వాడతారన్నదాంట్లో ఉంది. బ్లూరే డిస్కులో వీడియోకు సెకనుకు 40 మెగాబిట్ల దాకా వాడుకోవచ్చు. స్ట్రీమింగ్‌లో హెచ్‌డీ అంటే ఐదారు మెగాబిట్లతో సరిపెడతారు. బస్తా ధాన్యాన్ని చేతిసంచిలో కుక్కితే కొంత కింద పోక తప్పదు. కుదించే సాఫ్ట్‌వేర్ ముందుగా పారబోసేది చీకటి భాగాల్లోని వివరాన్నే, అక్కడ కన్ను అంతగా పట్టించుకోదన్న లెక్కతో. పైగా మంచు తుపాను, పొగ, నిప్పురవ్వలు ప్రతి ఫ్రేములోనూ మారిపోతుంటాయి, వాటిని కుదించడం మరీ కష్టం. ఈ ఎపిసోడ్‌లో అన్నీ ఒకేసారి ఉన్నాయి.

ఇదే సిరీస్ ఆరో సీజన్‌లో 'బ్యాటిల్ ఆఫ్ ద బాస్టర్డ్స్' చూడండి. 2016లో వచ్చింది. అదే దర్శకుడు, అదే కెమెరామన్, అంతే భీకరమైన యుద్ధం. కాకపోతే పగటిపూట. మాస్టారి మనవలు అదే టీవీలో, అదే నెట్‌తో, మీ యాప్‌లోనే దాన్ని చూశారు. బురదలో ఎవరు ఎవరి మీద పడ్డారో అన్నీ చెప్పగలిగారు. టీవీ పాడైతే ఆ ఎపిసోడ్ కూడా పాడవ్వాలి కదా.

మా ప్రాంతంలో ఇంకో చిక్కుంది. రాత్రి భోజనాలయ్యాక అందరూ ఒకేసారి నెట్ వాడతారు, స్పీడు పడిపోతుంది. ఏటి ఒడ్డు ఇళ్లలో ఫోను కాసేపు ఒడిశా టవరు, కాసేపు ఆంధ్రా టవరు పట్టుకుంటుంది. మోహన, ఆర్. ఉదయగిరి వైపు కొండ ఊళ్లలో ఉద్యోగాలు చేసే మనవాళ్లు ఫోను హాట్‌స్పాట్‌తోనే టీవీ చూస్తారు. స్పీడు తగ్గగానే మీ యాప్ చెప్పాపెట్టకుండా క్వాలిటీ తగ్గించేస్తుంది. పగటి సీనులో ఆ తేడా పెద్దగా తెలియదు. రాత్రి సీనులో బొమ్మే పోతుంది. పెద్ద ప్లాను డబ్బులు మాత్రం భువనేశ్వర్‌లో ఉన్నవాళ్లూ మేమూ ఒకటే కడుతున్నాం.

2022లో ఈ సిరీస్‌కు ముందు కథగా వచ్చిన 'హౌస్ ఆఫ్ ద డ్రాగన్' ఏడో ఎపిసోడ్‌కూ ఇదే గొడవ జరిగింది. వెలుతురు తగ్గించడం కావాలని తీసుకున్న కళాత్మక నిర్ణయమని అమెరికాలో ఆ సిరీస్ చూపించినవాళ్లు అప్పుడు ప్రేక్షకులకు జవాబిచ్చారు. నిర్ణయం దర్శకుడిదే, కాదనను. ఆ నిర్ణయాన్ని చెడకుండా మా ఇంటికి చేర్చే బాధ్యత మీది. 55 రాత్రులు చలిలో పనిచేసినవాళ్ల కష్టం మా ఊరికి వచ్చేసరికి గళ్లు గళ్లుగా మారితే వాళ్లకూ అన్యాయమే, మాకూ అన్యాయమే.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇదీ. ముందుగా, వీడియో సంగతి తేల్చుకోకుండా మెకానిక్ దగ్గరికి వెళ్లమనడం ఆపించండి. ఆ మాట నమ్మి డబ్బు, సమయం పోగొట్టుకున్నవాళ్లకు చందాలో కొంత తిరిగి ఇవ్వండి. ఇలాంటి రాత్రి ఎపిసోడ్లను ఎక్కువ బిట్‌రేట్‌తో, వీలైతే 10 బిట్లలో మళ్లీ తయారుచేసి పెట్టండి. నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లు పగలంతా డౌన్‌లోడ్ పెట్టుకుని రాత్రి పూర్తి క్వాలిటీతో చూసుకునే వీలు టీవీ యాప్‌లోనూ ఇవ్వండి. క్వాలిటీ తగ్గినప్పుడు తగ్గిందని తెరమీద ఒక ముక్క చూపించండి, అప్పుడు జనం టీవీని అనుమానించరు. ఎపిసోడ్ మొదలయ్యే ముందు మూవీ మోడ్ పెట్టుకోమని, ఎకో మోడ్ తీసెయ్యమని తెలుగులో, ఒడియాలో రెండు వాక్యాలు వెయ్యండి.

ఇంకొకటి. మా పిన్‌కోడ్ ఒడిశాది కావడంతో మీ కస్టమర్ కేర్‌లో తెలుగు దొరకడం లేదు. మాకు ఒడియా వచ్చు, బజారులో రోజూ మాట్లాడతాం. కానీ తెరమీద ఏ మూల ఏం కనిపిస్తోందో వివరంగా చెప్పాలంటే ఇంట్లో మాట్లాడే భాషే కావాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. సరిహద్దు జిల్లాలవాళ్లు భాషను ఎంచుకునే వీలు పెట్టండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా, తెలుగులో జవాబు ఇవ్వగలరు. లేనిపక్షంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే సేవాలోపం కేసు వేస్తాం. మాస్టారు, ఇంకొందరు చందాదారులు నాతోపాటు సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. డిస్కు బొమ్మను, మీ యాప్ బొమ్మను పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలు జతచేస్తున్నాను. మేనల్లుడు ప్లేయరును, డిస్కులను నా దగ్గరే ఉంచి వెళ్లాడు. మీ ఇంజనీర్లు ఎవరైనా వస్తే అదే టీవీలో రెండూ వేసి చూపిస్తాను.

ఇట్లు,
మీ చందాదారుడు,
టీవీ మెకానిక్, పర్లాకిమిడి.