ఏలు పడలే, ఏండ్లు సాలలే: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

అయ్యా, ఈ మొదటి వాక్యం నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో నాకు జిరాక్సు షాపు ఉంది. జిరాక్సుల కంటే అర్జీల మీద వచ్చేదే ఎక్కువ. పట్టా కావాలన్నా, పింఛను ఆగిపోయినా, చెరువు తూము పగిలినా నా దగ్గరికే వస్తారు. 'విషయం' ఎక్కడ రాయాలో, 'సూచిక' ఎక్కడ రాయాలో, 'తమరి దయ' ఎన్నిసార్లు వాడాలో నాకు తెలుసు. ఈసారి అర్జీ మా అమ్మది. డెబ్బై దాటినవాళ్లకు ఉచిత వైద్యానికి ఇచ్చే వయ వందన కార్డు, ఆధార్‌లో వయసు తప్పు పడి ఆమెకు రావడం లేదు. ఇప్పటికి నాలుగు పెట్టాను, ఇది అయిదోది. ఆ నాలుగూ పద్ధతిగానే రాశాను కాబట్టి దీన్ని కొంచెం పద్ధతి తప్పి రాస్తున్నాను, మన్నించాలి.

మొదటిది సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇచ్చాను. రశీదు ఇచ్చారు. పన్నెండో రోజు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని. ఎట్లా పరిష్కారమైందో ఎవరికైనా అర్థమవుతుందేమోనని షాపుకు వచ్చినవాళ్లందరికీ చూపించాను. రెండో అర్జీ తీసుకున్నవాళ్లు 'ఇది ఆరోగ్య శాఖది' అన్నారు. అక్కడికి మూడోది పట్టుకుపోతే 'వయసు సంగతి ఆధార్ వాళ్లది' అన్నారు. ఆధార్ సెంటర్‌లో 'ఆ కార్డు సంగతి మాకు తెలియదన్నా, కాగితం తెస్తే వయసు మారుస్తాం' అన్నారు. ఆ కాగితం కోసం మళ్లీ మొదటి చోటికే వచ్చాను. గానుగెద్దు కూడా ఇంత గుండ్రంగా తిరగదు. నాలుగోది స్పీడ్ పోస్టులో హైదరాబాద్ పంపాను. ముట్టినట్టు మెసేజ్ వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. ఏ ఆఫీసు పేరూ ఇక్కడ రాయడం లేదు. రాస్తే అది ఆ సీట్లో కూర్చున్న చిన్న ఉద్యోగి మెడకు చుట్టుకుంటుందని నాకు తెలుసు, అట్లా చుట్టుకున్న అర్జీలు కూడా నేనే రాశాను కాబట్టి.

డెబ్బై దాటితే చాలు, ఆదాయం చూడం, అయిదు లక్షల వరకు వైద్యం అన్నారు. 2024 అక్టోబర్ 29న అది మొదలైనప్పుడు ఆ పోస్టరు నా షాపు గోడకు అంటించింది నేనే. చివరి తేదీ లేదు, ఎప్పుడైనా చేరవచ్చు, పాత జబ్బులున్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, ఆధార్ ఒక్కటి ఉంటే చాలు. ఇవన్నీ తమరికి నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ముప్ఫై మందికి పైగా ఈ వయ వందన కార్డు నా చేతుల మీదుగా తీసిచ్చాను. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై, పుట్టిన సంవత్సరం సరిగ్గా పడి ఉంటే అది టీ తాగినంత సేపటి పని. నంబరు కొట్టాలి, ఓటీపీ పెట్టాలి, ముఖం ఫోటో తీయాలి, ఇంట్లోవాళ్ల వివరాలు నింపాలి. మొన్న ఒక రైస్ మిల్లు ఓనరు తండ్రికి కూడా చేశాను. తప్పు పట్టడం లేదు, పథకం అందరిదీ. కానీ ఆ పెద్దాయన బొటనవేలు చూడాలి. గీతలన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. నోట్లు తప్ప ఇంకేమీ లెక్కపెట్టని వేలు అది.

మా అమ్మ వేళ్ల సంగతి తర్వాత చెబుతాను, ముందు ఏండ్ల సంగతి వినండి.

1948లో పోలీసు యాక్షన్ అయినప్పుడు తాను పాలు తాగే పిల్లనని మా అమ్మ చెబుతుంది. రజాకార్ల భయానికి అమ్మమ్మ ఆమెను గంపలో పెట్టుకుని గుట్టకు పోయిందని ఊళ్లో ముసలివాళ్లు అంటుంటే చిన్నప్పుడు చాలాసార్లు విన్నాను. ఆ లెక్కన ఆమెకు డెబ్బై ఏడు. ఆధార్‌లో మాత్రం 1958. 2012లో మా ఊరి బడిలో క్యాంపు పెట్టినప్పుడు వరస బడి గేటు దాటింది. మిషను ముందు కూర్చున్న పిలగాడు తలెత్తి మా అమ్మ జుట్టు చూశాడు. అప్పటికి ఆమె తల నెరవలేదు. 'యాభై నాలుగు వేస్తున్నా అవ్వా' అన్నాడు. ఈమె మురిసిపోయింది. పుట్టిన తేదీ జనవరి ఒకటి. ఆ క్యాంపు పుణ్యమా అని మా వాడకట్టులో పెద్దవాళ్లంతా జనవరి ఒకటినే పుట్టారు.

ఇప్పుడు లెక్క చూడండి. మా అక్క పదో తరగతి మెమోలో 1967 ఉంది, నా మెమోలో 1970. ఆధార్‌ను నమ్మితే మా అక్క పుట్టేనాటికి మా అమ్మకు తొమ్మిదేళ్లు, నేను పుట్టేనాటికి పన్నెండు. బతికి ఉంటే మా నాన్న మీద కేసయినా పెట్టాలి, లేదా మేము ఆమె పిల్లలం కాదనైనా తేల్చాలి. ఇంకొక విచిత్రం, మా మేనమామకు 1954 పడింది. ఆయన ఆ ఇంట్లో ఆఖరివాడు, మా అమ్మ ఎత్తుకుని పెంచినవాడు. ఆయనకు కార్డు వచ్చింది, తీసిచ్చింది నేనే. 'అక్కా, నీకంటె పెద్దోన్నయిన, ఇగ నన్ను అన్నా అని పిలువు' అని ఎక్కిరించి పోయాడు. ఆ రోజు అందరం నవ్వుకున్నాం.

వయసు మార్చాలంటే పుట్టిన తేదీ పత్రం తెమ్మన్నారు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిందే 1969లో. అప్పటికి మా అమ్మ మా అక్కను చంకనేసుకుని కలుపుకు పోతోంది. నిజాం రాజ్యంలో పుట్టిన పిల్ల తాను పుట్టినట్టు ప్రూఫ్ ఎక్కడి నుంచి తేవాలి? బడికి పోలేదు, మెమో లేదు. ఓటరు కార్డులో వయసు సరిగ్గానే ఉంది, అది చెల్లదన్నారు. ఆ కార్డు పట్టుకుపోయి ఆమె వేసిన ఓటు మాత్రం ప్రతిసారీ చెల్లింది.

సరే, ఆర్డీవో ఆఫీసు దాకా పోయి, లేటు రిజిస్ట్రేషన్ కింద ఆ పత్రమూ తెచ్చాను. ఎట్లా తెచ్చానో రాయాలంటే అది వేరే లేఖ అవుతుంది. పత్రం చేతికొచ్చాక ఇంకేముంది, అయిపోయిందనుకున్నాం. ఆధార్ సెంటర్‌కు ఆటోలో తీసుకుపోయాను. పత్రం చూసి 'బాగుందన్నా, అవ్వను వేలు పెట్టమను' అన్నాడు ఆపరేటర్.

మంచి పిలగాడే, ఆ మాట చెప్పాలి. వేలు పెట్టింది, పడలేదు. చేతులు కడుక్కుని రమ్మన్నాడు. తన దస్తీతోనే తుడిచాడు. మళ్లీ పడలేదు. 'తలకు రుద్దు అవ్వా, నూనె అంటుతది' అన్నాడు. మా అమ్మ కొంగు తీసి వేలు నెత్తికి రుద్దుకుంది, ఎవరో బొట్టు పెట్టుకొమ్మన్నట్టు శ్రద్ధగా. పడలేదు. పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టించాడు. యాభై ఏళ్లు నాట్లు వేసి, పత్తి ఏరి, బోళ్లు బూడిదతో తోమిన వేళ్లు అవి. గీతలు ఎక్కడో మా ఊరి చెలకల్లో కలిసిపోయి ఉంటాయి.

వేలు పడకపోతే కళ్లతో తీసుకోవచ్చని రూలు ఉంది. ఆ పిలగాడు అదీ చూశాడు. మా ఊళ్ల నీళ్ల సంగతి తమరికి తెలియనిది కాదు. ఫ్లోరైడ్ నీళ్లే తాగి పెరిగాం, అవే తాగి ముసలివాళ్లమవుతున్నాం. భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చేసరికి మా అమ్మ మెడ, నడుము రెండూ వంగి బిగుసుకుపోయాయి. నిలబడితే ఆమెకు నేల కనిపిస్తుంది, ఎదుటి మనిషి మోకాళ్లు కనిపిస్తాయి. ఆ మిషను ముఖానికి ఎదురుగా ఉండాలి. నేను గడ్డం పట్టుకుని పైకెత్తాను. 'అమ్మా' అంది. వదిలేశాను. చివరికి ఆపరేటరే నేల మీద గొంతుక్కూర్చుని మిషను కింది నుంచి పైకి పెట్టాడు. శుక్లం ఆపరేషన్ అయిన కన్ను, రెప్ప నిలవదు. మూడుసార్లు చూశాడు. వెనక లైన్లో సణుగుడు మొదలైంది. తిరిగి వస్తుంటే ఆటోలో మా అమ్మ అంది, "ఏలు పడలే, ఏండ్లు సాలలే. ఏం మనిషినిరా నేను?"

ఇట్లా మూడుసార్లు పోయాం. ఇంటికొచ్చి తీసేవాళ్లు ఉంటారని ఎవరో చెబితే అడిగాను, కిట్టు బయటికి రాదన్నారు. నాలుగోసారి పండుగ అయ్యాక పోదామనుకున్నాం. ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దున తాంబాలం కడుగుతూ జాలారులో జారింది. తుంటి విరిగింది.

సర్కారు దవాఖానాకు పోలేదా అంటారు. పోయాం. వారం పది రోజులు ఆగాలన్నారు. ఆమె రాత్రంతా మూలుగుతుంటే ఆగలేక హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. కౌంటర్ దగ్గర అమ్మాయి రెండే ప్రశ్నలు అడిగింది. 'ఆరోగ్యశ్రీ ఉందా? డెబ్బై ఏళ్ల కార్డు ఉందా?' రెండింటికీ లేదన్నాను. ముప్ఫై మందికి పైగా కార్డులు తీసిచ్చినవాణ్ని, కౌంటర్ ముందు దొంగలా నిలబడ్డాను. లక్షా డెబ్బై వేలు అయింది. మా ఆవిడ గొలుసు బ్యాంకులో పెట్టాం, మిగతాది మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. రేపు కార్డు వచ్చినా ఈ డబ్బులు తిరిగి రావు, ఆ సంగతీ తెలుసు.

ఆరోగ్యశ్రీ ఎందుకు లేదో కూడా చెబుతాను. 2023 డిసెంబర్‌లో దాన్ని పది లక్షలు చేశారు, సంతోషం. మా అమ్మ పేరు మా తమ్ముడి రేషన్ కార్డులో ఉండేది. ఆమె నా దగ్గరికి వచ్చాక అక్కడ తీసి నా కార్డులో కలపమని అర్జీ పెట్టాం. తీసేయడం వారంలో అయింది. కలపడం ఏడాదిన్నరైనా కాలేదు. ఇట్లా రేషన్ లెక్కలో ఆమె ఇప్పుడు ఎవరికీ అమ్మ కాదు. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్‌లో మొదట పెట్టిన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. కల్వకుర్తి దగ్గరుండే మా మేనత్తకు ఆ మరుసటేడు గుండె ఆపరేషన్ అయింది. తెల్లకార్డు కొంగున ముడేసుకుని పోయింది, అంతే. ఆమె వేలు ఎవరూ అడగలేదు, కన్ను ఎవరూ అడగలేదు.

అయ్యా, మా అమ్మకు నెలకు రెండు వేల పదహారు రూపాయల పింఛను వస్తుంది. దానికీ వేలు పడదు. పడకపోతే మా పంచాయతీ కార్యదర్శి తన వేలు పెట్టి ఇప్పిస్తాడు. ఊరందరికీ తెలుసు, ఎవరికీ అభ్యంతరం లేదు. రెండు వేలకు దొరికిన దారి అయిదు లక్షలకు ఎందుకు దొరకదు?

ఇంకొక మాట. బీపీ గోలీలు ఇవ్వడానికి ఏఎన్ఎం, ఆశా నెలనెలా మా గడపలోకే వస్తారు. వాళ్ల రిజిస్టర్లో మా అమ్మ పేరు ముందు వయసు డెబ్బై ఏడని రాసి ఉంది. నా కళ్లతో చూశాను. అది తమరి శాఖ రిజిస్టరే కదా. గోలీలు ఇచ్చేటప్పుడు డెబ్బై ఏడు, కార్డు దగ్గరికి వచ్చేసరికి అరవై ఏడు. ఆధార్ సంగతి కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉందని తమరు అంటారు, కాదనను. కానీ కేంద్రంతో మాట్లాడడానికి నా దగ్గర జిరాక్సు మిషను తప్ప ఏముంది? మాట్లాడగలిగినవారు తమరే.

ఏం చేయాలో తమరికి చెప్పేంతటివాణ్ని కాను. ఆ రిజిస్టరునే వయసుకు రుజువుగా తీసుకుంటారో, ఆ ఏఎన్ఎం చేతికే మిషను ఇచ్చి మంచం దగ్గరికి పంపిస్తారో, పంచాయతీ కార్యదర్శి వేలునే ఇక్కడా ఒప్పుకుంటారో, ఏదో ఒకటి చేయండి. మా వాడకట్టులోనే ఇట్లాంటివాళ్లు ఇంకా నలుగురున్నారు. అందరూ జనవరి ఒకటినే పుట్టారు, అందరూ ఇంకా 'చిన్నవాళ్లే'. మా అమ్మ ఆధార్ లెక్కన డెబ్బైకి రావాలంటే 2028 జనవరి దాకా ఆగాలి. ఆగమంటే ఆగుతాం. ఆమెను కూడా ఆగమని చెప్పమంటారా?

పద్ధతి ప్రకారం అర్జీ కింద అర్జీదారు సంతకం గానీ, వేలిముద్ర గానీ ఉండాలి. నిన్న రాత్రి షాపు నుంచి స్టాంపు ప్యాడు ఇంటికి తెచ్చి, మంచం మీదే మా అమ్మ బొటనవేలు అద్ది కాగితం మీద ఒత్తించాను. గుండ్రటి నల్లటి మచ్చ పడింది, లోపల ఒక్క గీత లేదు. ఆ కాగితాన్నే దీనికి జతపరిచాను.

ఇట్లు,
తమ విధేయుడు,
మండల కేంద్రంలో అర్జీలు రాసేవాడు