మంత్రి గారూ, పిల్లల బీరువా తాళం ఎవరి దగ్గరుందండీ?

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. గోదావరి జిల్లాల్లోని ఒక మండల కేంద్రంలో, శాఖా గ్రంథాలయానికి ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుకునేవాణ్ణి. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే మెమో వచ్చేది మా లైబ్రేరియన్ గారికి. ఆయన మూడు ఊళ్ల గ్రంథాలయాలకి ఇన్‌ఛార్జి. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 అని గోడ మీద బోర్డుంది. మా ఊరి వంతు వచ్చిన రోజు తలుపు తీస్తారు, రాని రోజు వచ్చినవాళ్లు బోర్డు చదువుకుని వెళ్తారు. చదివే అలవాటు పోతోందని మీరు సభల్లో బాధపడుతుంటారు కదా, మా ఊళ్లో ఆ మాత్రం మిగిలింది.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. షాపు సొంతమే కాబట్టి ఒక్కోదానికి మూడేసి కాపీలు జత చేశాను. మూడుసార్లూ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అర్జీ పరిష్కరించబడినది అని. పరిష్కారం ఎలా ఉంటుందో చూద్దామని మూడుసార్లూ రోడ్డు దాటి వెళ్లాను. బీరువాకి అదే తాళం.

ఏ బీరువా అంటే, పిల్లల పుస్తకాల బీరువా. అద్దాల తలుపులు. లోపలున్నవి కనిపిస్తాయి, చేతికి రావు. మిఠాయి కొట్టు ముందు నిలబడ్డట్టు పిల్లలు కాసేపు చూసి పోతారు. కిందటేడు వేసవి శిబిరం అయ్యాక స్టాకు లెక్క చూశారు, తేడా వచ్చింది. తేడా వస్తే లైబ్రేరియన్ జీతంలో కోస్తారట. ఇద్దరు పిల్లల తండ్రి ఏం చేస్తాడండీ? తాళం వేశాడు. ఆయన చోట నేనున్నా వేసేవాణ్ణి.

ఆ శిబిరానికి వచ్చిన ఒక పిల్ల గురించి మీకు చెప్పాలి. మూడో తరగతి. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి అప్పటికి ఏడాది. మా వైపు ఇది వింతేమీ కాదు. పాస్‌పోర్టు కాపీలు తీసీ తీసీ ఊళ్లో సగం మంది ఆడవాళ్ల పుట్టిన తేదీలు నాకు నోటికి వచ్చు. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఇమోలో వాళ్లమ్మ వీడియో కాల్ చేసిందంటే చాలు, మంచం కింద దూరేది. అమ్మమ్మ బతిమాలేది, తిట్టేది, ఒకసారి కొట్టింది కూడా. 'మీ అమ్మ కష్టపడేది నీకోసమేనే' అని బళ్లో మేడం చెప్పారు, పక్కింటివాళ్లు చెప్పారు, నేనూ చెప్పాను. ఎనిమిదేళ్ల పిల్ల నెత్తిన ఎంత బరువు పెడుతున్నామో మా ఎవరికీ తట్టలేదు.

శిబిరంలో చిత్తు కింద పక్కన పడేసిన కట్టలో దానికో పుస్తకం దొరికింది. అట్ట లేదు. మొదటి రెండు పేజీలు లేవు. పిన్నులు తుప్పు పట్టి కాగితం ఎర్రబడింది. పేరేమిటో, ఎవరు రాశారో తెలిసే దారి లేదు. మూడో పేజీలో కొమ్మ మీద ఒక పిట్టపిల్ల, సరిగ్గా దాని మొహం మీద గ్రంథాలయం రబ్బరు స్టాంపు. తల్లి ఎక్కడికో పోయింది. పిట్టపిల్ల మేత ముట్టదు. తన అమ్మమ్మ పిట్ట తోక కొరుకుతుంది. వాన పడుతుంటే కావాలనే బయట కూర్చుని తడుస్తుంది. చివర్లో తల్లి వస్తుంది. పిల్ల పలకదు. పలక్కుండానే కొమ్మ మీద కొంచెం కొంచెం జరుగుతూ రెక్క కిందికి చేరుతుంది. అయిపోయింది. కింద నీతి కూడా ఏం రాయలేదు.

ఆ సాయంత్రం అమ్మమ్మతో నా షాపుకొచ్చింది. రేషన్ కార్డు కాపీ కోసం. కౌంటర్ మీద పుస్తకం తెరిచి, తోక కొరికే బొమ్మ మీద వేలు పెట్టి, "మావయ్యా, దీనికి కూడా కోపమే" అంది. నవ్వుతూ.

వారం తర్వాత అమ్మమ్మ చెప్పింది. కాల్ వస్తే పిల్ల మళ్లీ మంచం కిందికే పోయిందట. కాకపోతే ఈసారి ఫోను కూడా పట్టుకుపోయింది. పుస్తకాన్ని కెమెరాకి ఎదురుగా పెట్టి, ఒక్కో పేజీ కూడబలుక్కుంటూ వాళ్లమ్మకి చదివి వినిపించిందట. తోక కొరికే పేజీ దగ్గర అవతల వాళ్లమ్మ ఏడుపు. ఇది మాత్రం, "అప్పుడే ఏడవకమ్మా, ఇంకా ఉంది" అందట.

ఏడాదిపాటు ఇంతమంది పెద్దవాళ్లం చెప్పి సాధించలేనిది ఒక చిత్తు పుస్తకం సాధించింది. మేమంతా ఆ పిల్లకి కోపం రాకూడదని చెప్పాం. పుస్తకం ఆ మాట అనలేదు.

తర్వాత స్టాకు లెక్క వచ్చింది. చిత్తు అయినా రిజిస్టర్‌లో నంబరుందట, వెనక్కి తెమ్మన్నారు. తెచ్చి ఇచ్చింది. ఇచ్చే ముందు నేను మొత్తం జిరాక్స్ తీసి కుట్టి ఇచ్చాను. అది తప్పయితే కేసు నా మీదే పెట్టించండి. నలుపు తెలుపుల్లో స్టాంపు ముద్దగా పడి పిట్ట మొహమే లేకుండా పోయింది. ఆ ముద్ద మీద తెల్ల కాగితం ముక్క అంటించి, స్కెచ్ పెన్నుతో రెండు కళ్లు గీసుకుంది.

ఇక మీరు పంపే పుస్తకాల సంగతి. గ్రూప్-2 గైడ్లు, కానిస్టేబుల్ గైడ్లు పంపుతున్నారు, మంచిదే, ఉద్యోగాల్లేని కుర్రాళ్లు వాటికోసమే వస్తారు. పిల్లలకి మాత్రం అవే నీతికథలు, అవే మహనీయుల జీవితాలు, ఒక్కోటి పదేసి కాపీలు. అన్నింట్లోనూ పిల్లలు తప్పు చేస్తారు, బుద్ధి తెచ్చుకుంటారు. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం వాళ్లు, ఢిల్లీలో నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లు తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తూనే ఉన్నారు. ప్లేటు నూడుల్స్ ధరకి దొరికేవీ ఉన్నాయి. ఏ పుస్తకాలు కావాలని మా లైబ్రేరియన్‌ని ఇంతవరకూ ఎవరూ అడగలేదట.

డబ్బుల్లేవంటారా? 1960 చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. నేను కడుతున్నాను, ఆ పిల్ల అమ్మమ్మా కడుతోంది, రేకుల ఇంటికి. వసూలు చేసిన ఆ పైసలు స్థానిక సంస్థల దగ్గరే ఉండిపోతున్నాయని, గ్రంథాలయ సంస్థలకి జమ కావడం లేదని ఏటా పేపర్లో వస్తుంది. చదవడానికి ఆ పేపరైనా మా రీడింగ్ రూములో ఉంటోంది, సంతోషం.

అలాగని బీరువా అసలే తెరవరని అనను. నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. అప్పుడు తీస్తారు, పిల్లల చేతుల్లో తలా ఒక పుస్తకం పెట్టి ఫొటో తీస్తారు, మళ్లీ తీసుకుంటారు. పోయినసారి పోటీల్లో బహుమతులు ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలు. గ్రంథాలయంలో జరిగే పోటీకి పుస్తకం బహుమతిగా ఇవ్వకూడదని జీవో ఏమైనా ఉందేమో. ఆగస్టు 12న, గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ గారి పుట్టినరోజుకి, ఆయన ఫొటోకి దండ కూడా వేస్తారు. ప్రతి చదువరికీ తన పుస్తకం దొరకాలని 1931లోనే రాసిన మనిషాయన. ఆ ఫొటో ఉన్నది తాళం వేసిన బీరువా పైనే.

1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పుస్తకాలు పడవకెక్కించి కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద తిప్పించారు. తెల్లవాళ్ల కాలంలో పడవ మీద ఊరూరికీ వెళ్లిన పుస్తకం ఇప్పుడు బీరువాలోంచి బల్ల మీదికి రాలేకపోతోంది. ఎగతాళి చేస్తున్నాననుకోకండి. మూడు అర్జీల్లో మర్యాదగానే రాశాను.

నేనడిగేది పెద్దదేం కాదు. తాళం తీయించండి. పిల్లల చేతుల్లో పుస్తకం చిరుగుతుంది, ఒక్కోసారి పోతుంది. ఆ ఖర్చు లైబ్రేరియన్ జీతంలో కోయొద్దని ఒక కాగితం ఇప్పించండి. సాయంత్రం మూడు గంటలు కూర్చోవడానికి ఒక మనిషిని వేయండి. మనిషిని వేయలేకపోతే తాళం చెవి నాకివ్వండి, ఎదురుగానే ఉంటాను, రాసుకుని ఇస్తాను, రాసుకుని తీసుకుంటాను. ఏదో ఒకటి చేసి ఆ తాళం మాత్రం తీయించండి.

ఎందుకింత తొందరంటే, ఆ పిల్ల ఇప్పుడు నాలుగో తరగతి. మొన్న షాపుకొచ్చి, మొదటి రెండు పేజీల్లో ఏముందని అడిగింది. తల్లిపిట్ట ఎందుకు వెళ్లిందో వాటిలోనే ఉండాలట. నాకు తెలీదన్నాను. ఒక్కో పుస్తకం పదేసి కాపీలు పంపే మీ అలవాటు మీద నాకు మొదటిసారి ఆశ పుట్టింది. పై అరలో, ఎడమ చేతి వైపు మూలకి, అలాంటివే పల్చటి పుస్తకాలు ఓ పది అద్దంలోంచి కనిపిస్తున్నాయి. వాటిలో దాని జత ఉందేమో చూడాలి.

ఇట్లు,
గ్రంథాలయం ఎదురుగా జిరాక్స్ షాపు