డీజీపీ గారికి: మావాడిది వెటకారం కాదు

అయ్యా,

మా అబ్బాయికి 22 ఏళ్లు, ఆటిజం ఉంది. పోయిన నెల షాపులో ఎవరిదో ఫోన్ తీశాడని స్టేషన్‌కి తీసుకెళ్లారు. "నువ్వే తీశావా?" అని ఎస్సై గద్దిస్తే చెవులు మూసుకుని "నువ్వే తీశావా" అన్నాడు. వెటకారమనుకుని చెయ్యెత్తారు. దాన్ని ఎకోలాలియా అంటారు, విన్న మాటే తిరిగి అనడం.

తప్పు చేస్తే వదిలేయమనడం లేదు. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది మతిస్థిమితం లేక, ఏం చేస్తున్నారో తెలియనివారికి. మావాడికి మతి ఉంది, లోకాన్ని అర్థం చేసుకునే తీరే వేరు. ఇలాంటివాళ్ల సంగతేంటి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 12వ సెక్షన్, దర్యాప్తు అధికారుల దగ్గర కూడా వివక్ష ఉండకూడదంటోంది. విచారణలో అమ్మో నాన్నో, ఆటిజం తెలిసిన నిపుణులో పక్కన ఉండేలా సర్క్యులర్ ఇవ్వండి. వైర్‌లెస్ సెట్ గోల లేని గది దొరికితే మరీ మంచిది.

ఇట్లు,
ఓ తల్లి, హైదరాబాద్