వేటపాలెం లైబ్రరీలో సాయం చేసిన పెద్దాయనకు

సారస్వత నికేతనంలో ఆ రోజు నా పక్కన కూర్చున్న పెద్దాయనా, మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పేరడిగితే "పేరుతో పనేముందమ్మా" అని నవ్వేశారు. అందుకే ఇలా అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

మా ముత్తాత కథ ఒకటి భారతి పత్రికలో వచ్చిందని ఇంట్లో అనుకునేవాళ్లు. నా చేతిలో ఉన్నదల్లా "శ్రీముఖ, కార్తీకం" అని రాసిన చీటీ. మీరు వేళ్ల మీద లెక్కేసి, "1933, అక్టోబరు, నవంబరు చూడండి" అన్నారు. ముట్టుకుంటే విరిగేలా ఉన్న కాగితాల కింద అరచేయి పెట్టి, ఒక్కో పేజీ తిప్పారు. కథ దొరికింది.

నాకు కళ్లు మసకబారి అక్షరాలు ఆనలేదు. మీరే మెల్లగా చదివి వినిపించారు. కోడలు నూలుకు గంజి పెడుతూ అత్తగారితో మాట్లాడే చోట ఆగి, "ఈయన మగ్గం పక్కన కూర్చుని విన్నాడమ్మా, ఊహించి రాసిన మాటలు కావివి" అన్నారు. నేనూ కథలు రాస్తాను. సంభాషణ ఎలా రాయాలో ఎన్ని వ్యాసాలు చదివినా ఇంత బాగా ఎక్కలేదు. 1918 నుంచి ఆ ఊరు కాపాడుకుంటూ వస్తున్న లైబ్రరీలో, మీలాంటి పాఠకుడు పక్కన ఉండటం నా అదృష్టం.

ఇప్పుడు చీరాల నేతగాళ్ల ఇళ్లకు వెళ్లి, రాయడం పక్కనపెట్టి వింటున్నాను. నా పుస్తకం వచ్చాక మొదటి కాపీ ఆ లైబ్రరీకే పంపిస్తాను. మీరు తప్పకుండా చదవాలి.