శీనూ, నీ పాట సంగతి

ఒరేయ్ శీనూ,

ఉత్తరం అందింది. నువ్వు పంపిన రికార్డింగ్ కూడా విన్నాను. రెండో చరణం దగ్గర గిటార్ ఆపేసి గొంతు ఒక్కటే వదిలావు చూడు, అది అద్భుతంగా ఉందిరా, అక్కడ ఇక చెయ్యి పెట్టకు. మీ విడాకుల గురించి ఉన్నదున్నట్టు రాస్తే ఆమెను బజారుకీడ్చినట్టవుతుందేమోనని, మార్చి రాస్తే అబద్ధమవుతుందేమోనని టెన్షన్ పడుతున్నానన్నావు. ఈ మాట చదవగానే నాకు స్వీడన్ బ్యాండ్ ఆబా వాళ్ల ‘ది విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’ గుర్తొచ్చింది. పాట నీకు కంఠతా వచ్చు, అది పుట్టిన తీరు చెబుతా విను.

ఆ బ్యాండులో నలుగురూ రెండు జంటలు కదా. బ్యోర్న్, అగ్నేథా 1971లో పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు పుట్టాక విడిపోయారు, బ్యాండ్ మాత్రం నడుస్తూనే ఉంది. కాపురం పోయినా స్టూడియోలో రోజూ ఎదురుపడాలి. ఆయన రాయాలి, ఆమె పాడాలి. ఎలా తట్టుకున్నారో!

1980లో బ్యోర్న్, బ్యాండులోని రెండో మగాడు బెన్నీ కలిసి స్టాక్‌హోమ్ దగ్గరి విగ్‌సో దీవిలో ఈ ట్యూన్ కట్టారు. మొదట్లో హుషారుగా, బిగదీసినట్టు ఉండేదట. ఎంతకీ కుదరలేదు. తర్వాత బెన్నీకి పియానో మీద పైనుంచి కిందికి జారే ఒక వరస దొరికింది. దాంతో పాట నడకే మారిపోయింది. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ పియానోనే వెంబడించి విను. పాట మొత్తంలో గట్టిగా చూస్తే ఉన్నవి రెండే వరసలు, మనసు విరిగిన మనిషి అదే గోడు తిప్పి తిప్పి చెప్పుకున్నట్టు అవే మళ్లీ మళ్లీ వస్తాయి. అయినా విసుగు రాదు. ఒకసారి వాయిద్యాలన్నీ వచ్చి ముంచెత్తుతాయి, ఇంకోసారి అన్నీ పక్కకు తప్పుకుని అగ్నేథా గొంతుకు దారిస్తాయి. నీ రెండో చరణం నాకంత నచ్చింది అందుకే.

డెమోలో బ్యోర్న్ నోటికొచ్చిన ఫ్రెంచ్ మాటలేవో పాడేశాడు. మన సినిమావాళ్లు ట్యూన్‌కి డమ్మీ సాహిత్యం పెట్టుకోరూ, ఆ పద్ధతే. తర్వాత టేపు ఇంటికి తీసుకెళ్లి, మందు పక్కన పెట్టుకుని, గంటసేపట్లో పాటంతా రాసేశాడు. మామూలుగా తాగి రాసినవి పనికిరావట, ఇదొక్కటీ నిలబడిందని ఆయనే చెప్పుకున్నాడు.

ఇక నీకు కావలసిన ముక్క. ఆ పాటలో మాట్లాడేది ఓడిపోయిన మనిషి. తనను వదిలి వేరొకరి దగ్గరికి వెళ్లిన తోడుతో మాట్లాడుతుంది. రాసింది మొగుడు, పాడింది పెళ్లాం! తమ విడాకుల్లో గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఎవరూ లేరని బ్యోర్న్ ఎన్నోసార్లు అన్నాడు. అంటే కథ కల్పించాడు, అందులోని బాధ మాత్రం తను పడ్డదే. ఆ బాధనైనా ఇంటి గొడవల్లా ఏకరువు పెట్టకుండా పేకముక్కలు, పాచికల మాటల్లో పెట్టి చెప్పాడు. అగ్నేథా ఏమీ తప్పు పట్టలేదు. తమ గురించే రాశాడని తెలిసీ, ఆబా పాటల్లో తనకు బాగా ఇష్టమైనది ఇదేనని చెప్పింది. ఆ ఏడాది జూలైలో విడుదలైతే ఆగస్టుకల్లా బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. మనవరకూ వచ్చేసరికి ఎవరి కాపురం గురించో తెలియకుండానే కళ్లనీళ్లు పెట్టుకున్నాం కదరా.

కాబట్టి మార్చి రాస్తే అబద్ధమని బెంగపెట్టుకోకు. మొదటి చరణంలో ఆమె ఆఫీసు పేరు, అత్తగారన్న మాట తీసెయ్. అవి పంచాయితీలో చెప్పుకునే సంగతులు. రెండు టీ కప్పులు కడిగి ఒకటి అటక మీద పెట్టేసిన లైను మాత్రం వదలకు. అది చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. ఇంకో పని చెయ్యి: అదే పాటను ఆమె వైపు నుంచి ఒకసారి రాసి చూడు. మీ చెల్లెలు బాగా పాడుతుందిగా, ఆ గొంతుతో విను. ఏది ఉంచాలో నీకే తెలుస్తుంది.

రెండూ రికార్డు చేసి నాకు పంపు. దసరాకి వస్తున్నాను, రెండు రోజులు మీ ఇంట్లోనే మకాం. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ
మూర్తి