ఆవకాయ సీసా ఇప్పుడే తెరవకు

అమ్మలూ,

ఇక్కడ అందరం బాగున్నాం. బోరు మోటారు మళ్ళీ కాలింది, 2,400 వదిలింది. జామకాయలన్నీ ఉడతల పాలు. మీ అమ్మ మోకాలికి కొత్త నూనె తెచ్చుకుంది, ఇల్లంతా ఆ వాసనే. బుజ్జిగాడు పగలంతా పడుకుని రాత్రిళ్ళు మాచేత జాగారం చేయిస్తున్నాడు. ముక్కు నీదే.

ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అంటావు. వీడియో కాల్‌లో నీ బదులు సీలింగ్ ఫ్యాను కనబడుతుంది. అందుకే ఆవకాయ పార్సిల్‌లో ఈ కాగితం పెడుతున్నాను.

బారసాలకి సెలవు దొరకదన్నావట. ఉన్న ఒక్క పిన్నివీ నువ్వే. అక్క ఏమీ అనలేదు, నీకోసం తీసిన చీర మాత్రం మళ్ళీ బీరువాలో పెట్టేసింది. మీ అత్త ఊరుకుంటుందా! "అక్కకి పిల్లాడు పుడితే చిన్నది మొహం చాటేసింది" అని వీధంతా చెబుతోంది. ఆవిడ సంగతి వదిలెయ్.

మొన్న శీనుగాడు బెంగళూరు నుంచి వచ్చాడు. నువ్వు మాస్కు కిందికి లాక్కుని టీ తాగుతుంటే చూశాడట, మూతి పేలినట్టుందన్నాడు. ఫోన్‌లో వెతికి ఉంటావు. హెర్పిస్ అనే వైరస్ అని వచ్చి ఉంటుంది. ఆ పేరు కింద రాసినవన్నీ చదివి హడలిపోయి ఉంటావు. అంతేనా?

మా పెళ్ళి ఆల్బంలో నేనెందుకు ఎప్పుడూ పక్కకి తిరిగే ఉంటానని చిన్నప్పుడు అడిగేదానివి. హీరో పోజులే అనేవాణ్ణి. అసలు సంగతి ఇది. 1992 మే నెల. శుభలేఖలు పంచుతూ స్కూటరు మీద తెనాలి నుంచి రేపల్లె దాకా ఎండలో తిరిగాను. పెళ్ళి మూడు రోజులుందనగా కింది పెదవి ఎడమ మూల చిమచిమలాడింది. తెల్లారేసరికి ఆవగింజలంత నీటి పొక్కులు, గుత్తిగా. నాయనమ్మ "బల్లి పాకిందిరా" అంటూ సున్నం రాసింది. ఆ మంట ఇప్పటికీ గుర్తే. విడిదింట్లో దిగేసరికి పొక్కులన్నీ కలిసి వేరుశనగ గింజంత పుండయింది. ఆడపెళ్ళివారిలో గుసగుసలు. మీ అమ్మ వాళ్ళ పెదనాన్న నా గడ్డం పట్టుకుని లైటు కిందికి తిప్పి, గేదెను బేరమాడేవాడు పళ్ళు చూసినట్టు చూసి, "ఎన్నాళ్ళ నుంచి బాబూ ఇది?" అన్నాడు. ఫొటోగ్రాఫరు "కుడి చెంప ఇటు పెట్టండి" అని ఒకటే గొడవ. తలంబ్రాల బియ్యం గింజొకటి సరిగ్గా పుండు మీదే అతుక్కుంది, అందరి ముందూ గీక్కోలేను. భోజనాల దగ్గర, అప్పటిదాకా నాతో ఒక్క మాటైనా మాట్లాడని మీ అమ్మ, నా ఆకులో గోంగూర పక్కకి నెట్టి గడ్డపెరుగు వేయించింది.

ఎక్కడికో వెళ్ళిపోయాను. చెప్పాల్సింది ఏమిటంటే, అది నీకు అంటించింది నేనే. నీకు మూడో ఏడు. నా మూతి మీద పక్కు ఊడకముందే నిన్నెత్తుకుని ముద్దులాడాను. వారం తిరిగేసరికి నీకు జ్వరం, చిగుళ్ళు వాచి నోరంతా పొక్కులు, పాలు కూడా మింగలేకపోయావు. దిష్టి అనుకున్నాం. మొన్న బుజ్జిగాణ్ణి చూసే డాక్టరుగారిని అడిగితే విషయం తెలిసింది. ఆ వైరస్ ఒకసారి వస్తే పోదట. చెవి ముందు, పుర్రె లోపల నరాల ముడిలో పడుకుని ఉంటుందట. ఎండ, జ్వరం, నెలసరి, నిద్రలేమి, ఏదో ఒకటి దాన్ని లేపుతుంది. నీ రాత్రి షిఫ్టుల గురించి నేను మాట్లాడను. లోకంలో 50 ఏళ్ళలోపువాళ్ళలో నూటికి 64 మందిలో ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చాలామందికి జన్మలో ఒక్క పొక్కూ రాదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

లెక్చర్ ఇవ్వకూడదనే కూర్చున్నాను. కానీ ఇది నోటిపూత కాదు, బీకాంప్లెక్స్ మింగితే తగ్గదు. మెడికల్ షాపువాడు ఇచ్చే ఏదో ఒక ట్యూబు రాయకు, అందులో స్టెరాయిడ్ ఉంటే ఇంకా ముదురుతుంది. అసైక్లోవిర్ క్రీము చిమచిమ మొదలవగానే రోజుకు ఐదుసార్లు రాయాలి, పొక్కు తేలాక రాస్తే అంత ఫలితం ఉండదు. ఆ మందు వెనకున్న శాస్త్రవేత్తల్లో ఒకరైన గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ ఇచ్చారు, ఊరికే ఇవ్వలేదు. మాటిమాటికీ వస్తుంటే మాత్రలున్నాయి, డాక్టర్ని అడుగు. గిల్లకు. పుండు ముట్టుకున్న చేత్తో కంట్లో లెన్సు పెట్టకు, కన్నుకి పాకితే చూపుకే ముప్పు. తువ్వాలు, లిప్ బామ్ నీ రూమ్మేట్‌కి ఇవ్వకు.

బుజ్జిగాడి కోసమే రానన్నావేమో. అయితే నీ భయం తప్పు కాదు. నెల నిండని పిల్లలకి ఇది సోకితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. కానీ మామూలుగా వారం పది రోజుల్లో పక్కు ఊడిపోతుంది. బారసాలకి ఇంకా 13 రోజులుంది. ఊడి, కింద కొత్త చర్మం వస్తే రా. చేతులు కడుక్కుని ఎత్తుకో. ముద్దు మాత్రం వద్దు, నేనూ పెట్టట్లేదు. మీ అత్త పెట్టబోతే మీ అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది, అదో పెద్ద రభస. ఊడకపోతే మానెయ్, అక్కకి నేను చెబుతాను. చెప్పేశాను కూడా, కోప్పడకు. "ఇంతేనా, పిచ్చిమొహం" అని చీర మళ్ళీ బయటికి తీసింది.

ఆవకాయ పుండు మానేదాకా తెరవకు, కారం తగిలితే ప్రాణం పోతుంది. అందాకా పెరుగన్నం తిను. సీసా మూత బిగుసుకుపోయింది, స్పూనుతో పొడవకు, వేడినీళ్ళలో కాసేపు ఉంచు.

నాన్న