ముగ్గు వేసే వేళ తల్లికుక్క

సంపాదకులకు,

చిత్తకార్తె కుక్క అని తిట్టడమే గానీ, ఆ కార్తె లెక్క ఎప్పుడు తేలుతుందో ఎవరూ చూడరు. కుక్క చూలు సుమారు 63 రోజులు. చిత్తకార్తెలో, అంటే అక్టోబరు రెండో వారం నుంచి ఎదకొచ్చినవి డిసెంబరు నడిమి నుంచి ఈనతాయి. అంటే ధనుర్మాసం. తెల్లవారకముందే కళ్లాపి చల్లి ముగ్గేసే వాకిలి పక్కనే, ఆగి ఉన్న కారు కిందో, మురుగుకాల్వ పలక కిందో పిల్లలుంటాయి. ఏడాదంతా తోకాడించిన కుక్క మీదికొస్తే పిచ్చెక్కిందంటారు. ముందు దాని పొట్ట కింద చూడండి, చన్నులు వేలాడుతుంటే అది బాలింత. పిల్లలున్న చోటి నుంచి నాలుగడుగులు ఉరికొచ్చి, ఆగి, వెనక్కి తిరిగి చూసుకుంటుంది. మీరు దూరం జరిగితే వెంటపడదు. పిచ్చికుక్కకు ఇలాంటి హద్దేమీ ఉండదు.

మొరిగినంతసేపూ అది మనల్ని పొమ్మంటోందనే అర్థం. మొరుగుడు ఆపి, నోరు మూసి, ఒళ్లు బిగబట్టి, చూపు మన మీదే నిలిపిందంటే ప్రమాదం దగ్గరపడ్డట్టు. తోక ఆడుతోందిగా అనుకోవద్దు. నడుముతో పాటు వదులుగా ఊగే తోక వేరు, పైకి నిక్కి కొస మాత్రం టకటకా కొట్టుకునే తోక వేరు. అప్పుడు పరుగెత్తొద్దు, కళ్లలోకి చూడొద్దు, రాయి కోసం వంగొద్దు. పక్కకు తిరిగి, బక్కెట్టో చీపురో మధ్యలో అడ్డం పెట్టుకుని, మెల్లగా వెనక్కి జరగాలి. బండి మీద ఉంటే వేగం పెంచకూడదు. కాళ్లు పైకెత్తితే బండి అదుపు తప్పుతుంది, అదింకా చేటు.

పిల్లలకు రెండు వారాల్లో కళ్లు తెరుచుకుంటాయి, మూడో వారంలో తూలుతూ బయటికొస్తాయి. సరిగ్గా సంక్రాంతి సెలవులు! ముద్దొచ్చి ఎత్తుకున్న కుక్కపిల్ల కుయ్యిమందంటే తల్లి ఎక్కడున్నా వచ్చి పడుతుంది. ఇంకో మాట: కుక్కపిల్ల పంటిగాటును ఎవరూ లెక్కచేయరు. దానికీ రేబిస్ ఉండొచ్చు. చర్మం గీరుకుపోయినా చాలు, కుళాయి నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకా 0 (మొదటి సూది రోజు), 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వస్తే, టీకా పనిచేసేదాకా కాపాడేందుకు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది కూడా అడగండి.

దయతో పెట్టే అన్నం కూడా తగువు తెస్తోంది. గేటు దగ్గర పెడితే ఆ గేటే దాని కాపలా జాగా అవుతుంది, పాలవాడినీ పేపరు కుర్రాడినీ అడ్డుకుంటుంది. మనుషులు నడవని మూల చూసి, రోజూ ఒకే వేళకు పెట్టి, మిగిలింది తీసేయాలి. కుక్కపిల్లల్ని గోనెసంచిలో వేసి వేరే వీధిలో వదలడం మాత్రం శుద్ధ తెలివితక్కువ పని. పాలు నిండిన తల్లి వాటి కోసం వీధంతా వెతుకుతూ ఇంకా చిరాకు పడుతుంది.

పాలిచ్చే కుక్కను ఆపరేషన్‌కు పట్టుకెళ్తే పిల్లలు ఆకలితో చస్తాయి. రెండు నెలలకు, అంటే ఫిబ్రవరి చివరికి, పాలు మానతాయి. కుక్క ఎక్కడ పడుకుంటుందో, ఏ వేళకు అన్నానికి వస్తుందో రాసి మున్సిపాలిటీకి అప్పుడు అర్జీ పెట్టండి. ఆపరేషన్ అయినదానికి చెవి కొస కత్తిరించి, టీకా వేసి, అదే వీధిలో వదలాలన్నది 2023 నాటి కేంద్ర జంతు జనన నియంత్రణ నిబంధన. చెవి కొస చెక్కుచెదరని ఆడకుక్క కనిపిస్తే మాత్రం మళ్లీ చిత్తకార్తె దాకా ఆగొద్దు.

— ఒక పశువైద్య సహాయకుడు, తణుకు